సామేలు పానా

లాలాపేట్,
8 సెప్టెంబరు 2024

సామేలు చిన్నాన్నకు,

రెబెకా వందనాలు. ఫోన్ చేస్తే మీకు వినపడదు. చిన్నమ్మకు చెబితే ఆవిడ సగం ఏడ్చి, సగం సైగలు చేస్తుంది, మీకు పావు వంతు కూడా అందదు. స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఉత్తరం రాయడం నేర్పేదాన్ని, ఈ ఉత్తరం మొదలుపెట్టడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది.

మీ అల్లుడు ప్రేమ్ కుమార్‌ను సస్పెండ్ చేశారు.

ఆగస్టు 28 పొద్దున ఏడున్నరకు, యూనివర్సిటీ క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్ మలుపు దగ్గర, ఆయన నడుపుతున్న మన షెడ్డు పాత ఎర్ర ట్రాక్టర్ నిండు నీళ్ళ ట్యాంకర్‌తో సహా ఫుట్‌పాత్ ఎక్కి గోడను గుద్దింది. గోడ పక్కన మొక్కల్లో కలుపు తీస్తున్న లక్ష్మీదేవి గారి ఎడమ కాలు చక్రానికీ గోడకూ మధ్య నలిగింది. ఆవిడ మీకు బాగా తెలుసు. గార్డెన్ సెక్షన్‌లో ఇరవై ఏళ్ళ నుంచి ఉన్న మనిషి. మీ రిటైర్మెంట్ ఫంక్షన్‌కు దండలన్నీ గుచ్చింది ఆవిడే. మోకాలి కింద ఎముక మూడుచోట్ల విరిగింది. ప్రాణానికి ఏం కాదన్నారు, నడక సంగతి మాత్రం ఎవరూ తేల్చి చెప్పడం లేదు.

ఆయన ఆ రోజు నుంచి ఒకటే మాట అంటున్నారు. మలుపు తిప్పాక స్టీరింగ్ వెనక్కి రాలేదట, పట్టేసిందట, రెండు చేతులతో లాగినా కదల్లేదట. ఏడాది నుంచి మలుపుల్లో బరువుగా ఉందని షెడ్డులో చెబుతూనే ఉన్నారట. ఆఫీసు వాళ్ళు నమ్మడం లేదు. ఫోన్ మాట్లాడుతూ నిర్లక్ష్యంగా నడిపాడని మెమోలో రాశారు. ముగ్గురితో ఎంక్వైరీ కమిటీ వేశారు. అందులో ఒకరు ఇంజనీరింగ్ కాలేజీ హరిచందన మేడమ్. తప్పు రుజువైతే ఉద్యోగం తీసేస్తారు, పోలీసు కేసు ఎలాగూ ఉంది.

ఆ ట్రాక్టర్ సంగతి దేవుడి తర్వాత మీకే తెలుసు. ముప్పై నాలుగేళ్ళు ఆ షెడ్డులో పనిచేశారు. మీరు వచ్చి కమిటీ ముందు ఒక్క మాట చెబితే చాలు, వాళ్ళు వింటారు. ఆయన తాగలేదు, నిద్రపోలేదు, అబద్ధం చెప్పడం లేదు. మీరే కదా ఆయన్ను నాకు చూసింది. మోకాళ్ళ మీద ఉండి అడుగుతున్నాననుకోండి.

మీ కూతురు,
రెబెకా

*

రేపల్లె,
15 సెప్టెంబరు 2024

అమ్మా రెబెకా,

ఉత్తరం అందింది. మీ చిన్నమ్మ చదివి, పొయ్యి మీద కూర మాడిపోతున్నా లేవలేదు. నేను మూడుసార్లు చదివాను. లక్ష్మీదేవి కాలు అన్నచోటికి వచ్చేసరికి మూడుసార్లూ కళ్ళజోడు తీసేశాను.

ముందు అల్లుడికి ఒక మాట చెప్పు. బరువుగా ఉంది, బరువుగా ఉంది అని నోటితో అంటే ఏ షెడ్డులోనూ ఎవడూ పట్టించుకోడు. రాసి అడగాలి. సంతకం పెట్టించుకోవాలి. అడగందే అమ్మయినా పెట్టదు. నేను ఉన్నన్నాళ్ళూ డ్రైవర్లకు ఈ ముక్క నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను.

ఆ బండి 1991లో వచ్చింది. దాని స్టీరింగ్ పెట్టెలో లోతుగా ఒక రింగు నట్టు ఉంటుంది. దాన్ని బిగిస్తే స్టీరింగ్ లూజు తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. మామూలు పానా ఏదీ దాని దగ్గరకు పోదు. కంపెనీ పానా కోసం నాలుగేళ్ళు కాగితాలు పెట్టి విసిగిపోయి, 1997లో పాత లారీ యాక్సిల్ గొట్టం కోసి, ఒక చివర నాలుగు పళ్ళు ఆకురాయితో అరగదీసి నేనే పానా చేశాను. జానెడు పొడవు. రింగు మీది నాలుగు గాడుల్లో నాలుగు పళ్ళూ చెప్పినట్టు కూర్చుంటాయి. షెడ్డులో దాన్ని సామేలు పానా అనేవాళ్ళు. ఫంక్షన్ రోజు కుర్రాళ్ళు దానికి నికెల్ పూత పోయించి, చెక్కకు బిగించి, దండ వేసి నాకే ఇచ్చారు కదా, ఇప్పుడు మా గోడకు ఉంది.

నాకేమనిపిస్తుందంటే, నా తర్వాత వచ్చిన రవికాంత్ చిజిల్ పెట్టి సుత్తితో కొట్టి రింగు తిప్పి ఉంటాడు. పానా ఇక్కడుంటే వాడు మరి దేనితో తిప్పుతాడు? చిజిల్ పెడితే గాడి అంచు మీద గాటు పడి తీరుతుంది. నా పానాతో ఇరవయ్యారేళ్ళు తిప్పాను, ఒక్క గాటు పడలేదు. చూసినవాడికి తెలుస్తుంది. బండిని ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

రావడం అంటావా, మోకాళ్ళు బాగాలేవు. చెవిటివాణ్ణి కమిటీ ముందు నిలబెడితే వాళ్ళొకటి అడిగితే నేనొకటి చెబుతాను, అల్లుడికి మేలు బదులు కీడు జరుగుతుంది. ప్రార్థన చేస్తున్నాము.

మీ చిన్నాన్న,
సామేలు

*

తార్నాక, స్కూల్ స్టాఫ్ రూమ్,
25 సెప్టెంబరు 2024

చిన్నాన్నకు,

మీ ఉత్తరం పట్టుకుని ఆ మర్నాడే హరిచందన మేడమ్ దగ్గరకు వెళ్ళాను. చిజిల్ సంగతి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు, రాసుకున్నారు. రెండు రోజుల్లో రవికాంత్‌కు మెమో వెళ్ళింది. నిన్న తార్నాక మెట్రో మెట్ల దగ్గర ఎదురయ్యాడు, నన్ను చూసి తల తిప్పుకున్నాడు. పాపం అనిపించింది, కానీ చిన్నాన్నా, ఇద్దరిలో ఒకరు మునగాలంటే నా మనిషి మునగకూడదనే అనుకున్నాను. ఇలా అనుకోగలనని నాకు ఇంతకుముందు తెలియదు.

మీకు చెప్పని విషయం ఒకటుంది. ఆ పొద్దున ఏడూ ముప్పై ఒకటికి ఆయన ఫోన్‌కు వచ్చిన కాల్ నాది. వచ్చేటప్పుడు పెరుగు తెమ్మని చేశాను. ఆయన ఎత్తలేదు. జేబులో మోగింది, అంతే. కానీ ఆ కాల్ వచ్చిన నిమిషమూ గోడ గుద్దిన నిమిషమూ ఒకటేనని కమిటీ కాగితంలో ఉంది. ఎత్తలేదని అందులో కూడా ఉంది, అయినా మోగిన చప్పుడుకు చూపు తిరిగి ఉంటుందంటున్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లోకి పెరుగు రాలేదు.

ఆయన ఇంకా ఐదింటికే లేస్తున్నారు. ఖాకీ చొక్కా వేసుకుని క్యాంపస్ గేటు దాకా నడిచి, గేటు బయట నుంచే వెనక్కి వస్తున్నారు. నేనేమీ అడగడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ట్రాక్టర్‌ను తుక్కు కింద నవంబరు 5న వేలం వేస్తున్నారు. అది పోతే ఆయన మాటకు సాక్ష్యమే లేదు. నాలుగో తేదీన, వేలానికి ముందు, కమిటీ ముందర స్టీరింగ్ పెట్టె పరీక్ష చేయించడానికి మేడమ్ ఒప్పుకున్నారు. కానీ సుత్తీ చిజిలూ పెడితే ఉన్న గుర్తులు చెరిగిపోతాయి, సరైన పనిముట్టు ఉంటేనే రింగు ముట్టుకోనిస్తాను అన్నారు. అలాంటిది లోకంలో ఒక్కటే ఉంది. అది మీ గోడ మీద ఉంది.

పార్సెల్ చేయండి చిన్నాన్నా. మీరు రాలేకపోతే పానాను పంపండి. పని కాగానే తుడిచి మళ్ళీ పంపిస్తాను.

మీ కూతురు,
రెబెకా

*

రేపల్లె,
3 అక్టోబరు 2024

అమ్మా రెబెకా,

రవికాంత్‌కు మెమో ఇప్పిస్తావని నేను అనుకోలేదు. నేను రాసింది నీకు, కమిటీకి కాదు.

పానా పంపినా పనికిరాదు. నికెల్ పూత మందంగా పడింది. పళ్ళు లావైపోయాయి, గాడుల్లో దిగవు. అది ఇప్పుడు పనిముట్టు కాదమ్మా, జ్ఞాపిక. మీ చిన్నమ్మ రోజూ తుడుస్తుంది. చర్చి పెద్దలు వచ్చినా ముందు దాన్నే చూస్తారు.

నా మాట విని అల్లుణ్ణి ఒక క్షమాపణ పత్రం రాయమను. బండి పాతది, పొరపాటు జరిగిపోయింది, దయచూడండి అని. ఇన్నేళ్ళ సర్వీసులో మచ్చలేని మనిషి కాబట్టి ఇంక్రిమెంట్లు కోసి వదిలేస్తారు. గొడవ పెంచుకుంటే చివరికి తెగేదాకా పోతుంది. పెట్టె విప్పితే ఏం బయటపడుతుందో ఎవరికి తెలుసు? తుక్కు తుక్కులో పోనీ.

ఒళ్ళు బాగాలేక ఇంతే రాస్తున్నాను.

సామేలు

*

లాలాపేట్,
13 అక్టోబరు 2024

చిన్నాన్నకు,

మీ ఉత్తరం ఆయనకు చూపించలేదు. చేయని తప్పుకు క్షమాపణ రాయమని మీరే అన్నారని తెలిస్తే ఆ మనిషి ఇంక లేవడు.

శుక్రవారం షెడ్డులో ఆయుధ పూజ. రవికాంత్ కబురు పెట్టాడు, రాకపోతే జీవితంలో మాట్లాడను అన్నాడట. వెళ్ళాను. గోనెపట్టా మీద పానాలూ జాకీలూ పుల్లర్లూ వరసగా పేర్చి, బొట్లు పెట్టారు. మధ్యలో జానెడు ఖాళీ వదిలి, ఆ ఖాళీకి కూడా బొట్టు పెట్టారు. ఇదేమిటని రవికాంత్‌ను అడిగితే, "గది సామేలు పానా జాగ అక్కా," అన్నాడు.

తర్వాత నన్ను ట్రాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళి చేతికి టార్చ్ ఇచ్చాడు. "నీకు ఎవలు చెప్పిన్రో నేను అడుగ. నేను చిజిల్ వెట్టలే. నువ్వే చూడు," అన్నాడు. చూశాను. అద్దం చూసినట్టు చూశాను. నాలుగు గాడులూ నున్నగా ఉన్నాయి. గాటు కాదు గదా, గీత లేదు.

మరి బండి బరువుగా ఉందని ఆయన చెబితే ఏడాదిగా ఏం చేశావని అడిగాను. "గ్రీజు కొట్టుకుంట నడిపిచ్చిన. పానా లేదని ఆఫీసుల మూడుసార్లు రాసిచ్చిన, జవాబు లేదు. ఉస్తాద్‌ను అడుగుదామంటె, మేమే దండేసి ఇచ్చినం. ఇచ్చిన ఇనాం మల్ల ఎట్ల అడుగుతమక్కా?" అన్నాడు. ఆ మాట అంటూ ఏడ్చాడు.

అప్పుడే ఇంకో విషయం చెప్పాడు, మీరు నాలుగు పేజీల పానా చరిత్రలో రాయనిది. తిన్నగా నడిచీ నడిచీ ఆ పెట్టెలో గేరు పళ్ళు మధ్యలోనే అరుగుతాయట, అంచుల్లో అరగవట. లూజు మొత్తం తీసేస్తే తిన్నగా ఉన్నంతసేపు బాగానే ఉండి, మలుపులో పట్టేస్తుందట. "అందుకే పాత బండికి రెండు వేళ్ళ లూజు వదలమని ఉస్తాదే మాకు నేర్పిండు," అన్నాడు. మీరు సరిచేసినప్పుడల్లా రింగు మీదా పెట్టె మీదా ఎదురెదురుగా పంచ్‌తో చుక్కలు పెడతారట. ఆ చుక్కలు చూపించాడు. అవి ఎదురెదురుగా లేవు. ఒక గాడి దూరం బిగింపు వైపు జరిగి ఉన్నాయి.

నాకు బండ్ల పని రాదు. కానీ చదవడం వచ్చు. చిజిల్‌తో తిప్పితే గాటు పడి తీరుతుంది, నా పానాతో పడదు అని మీరే రాశారు. గాటు లేదు. రింగు మాత్రం జరిగింది. మీ పానాతో తప్ప జరగదు. ఆ పానా మీరు రిటైరైన రోజు నుంచి మీ గోడ మీద ఉంది.

గుమ్మడికాయల దొంగ అనకముందే మీరు భుజాలు తడుముకున్నారని ఇప్పుడు అర్థమవుతోంది. నేను తప్పు చదువుతూ ఉంటే చెప్పండి. తప్పు చదివాననే అనుకోవాలని ఉంది.

రింగు ఎవరు తిప్పారు?

రెబెకా

*

తార్నాక,
22 అక్టోబరు 2024

చిన్నాన్నకు,

జవాబు రాలేదు.

రవికాంత్‌ను నిన్నటి నుంచి డ్యూటీకి రావద్దన్నారు. అతను అవుట్‌సోర్సింగ్ మనిషి, మెమో తర్వాత ఇంకో మెమో అక్కర్లేదట. చిజిల్ మాట మేడమ్‌కు చేరవేసింది నేను. వెనక్కి తీసుకుంటున్నానని వెళ్ళి చెప్పాను, ఎవరు చెబితే అన్నారమ్మా అని ఆవిడ అడిగారు. మీ పేరు నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

ఇంకా పదమూడు రోజులున్నాయి.

రెబెకా

*

రేపల్లె,
25 అక్టోబరు 2024

అమ్మా రెబెకా,

రింగు నేనే తిప్పాను.

పది రోజులుగా ఈ ఒక్క వాక్యం రాసి చింపుతున్నాను. మీ చిన్నమ్మ చెత్తబుట్టలో ముక్కలు ఏరి అతికించి చదివింది. చదివి నాతో మాట్లాడటం మానేసింది. నాకు వినపడదు కాబట్టి మాట్లాడటం మానేస్తే తేడా ఏముంటుంది అనుకుంటావేమో. ఉంటుందమ్మా.

జరిగింది చెబుతాను. పోయిన సంవత్సరం జూన్ 28, బుధవారం. నా సర్వీసు ఇంకా రెండు రోజులు. ఆ రోజు ట్రాక్టర్‌కు ఫిట్‌నెస్ చెకింగ్. వచ్చిన ఆఫీసరు కొత్తవాడు, స్టీరింగ్ పట్టుకుని ఇటూ అటూ ఊపి, ఇంత లూజు ఉంటే ఈ బండి కండెమ్, తుక్కుకే అన్నాడు. నా ముప్పై నాలుగేళ్ళలో నా చేతిలో ఒక్క బండి కండెమ్ కాలేదు. చివరి వారంలో అవుతుందా అనిపించింది. అరగంట టైమివ్వండి సార్ అని, పానా పెట్టి లూజు మొత్తం తీసేశాను. తిన్నగా పెట్టి చూపించాను. సూది మొన అంత కూడా కదల్లేదు. శభాష్ అని సంతకం పెట్టాడు. శుక్రవారం పొద్దునే వచ్చి మళ్ళీ వదులుదాం అనుకున్నాను. గురువారం బక్రీద్ సెలవు.

శుక్రవారం వచ్చి చూస్తే పానా దాని మేకుకు లేదు. షెడ్డంతా వెతికాను. అడిగితే కుర్రాళ్ళు నవ్వి, సాయంత్రం చెప్తం ఉస్తాద్ అన్నారు. బుధవారం సాయంత్రమే దాన్ని మౌలాలీ తీసుకెళ్ళి పూత పోయించారు. నాకు ఆ సంగతి స్టేజి మీద తెలిసింది. గుడ్డ తీస్తే తళతళ మెరుస్తూ నా పానా, కింద నా పేరు. లక్ష్మీదేవి దండ తెచ్చి పానాకు వేసి, ఇంకోటి నా మెడలో వేసింది. రవికాంత్ కాళ్ళకు దండం పెట్టాడు. అప్పుడు నేను చెప్పాల్సింది ఒక్కటే మాట. బాబూ, ఒక్క గంట ఈ పానా నాకివ్వండి, బండిలో పని మిగిలిపోయింది అని. చెబితే ఏమవుతుంది, పెద్ద ఉస్తాదువి, లూజు మొత్తం తీశావా అని కుర్రాళ్ళు అనుకుంటారు. అంతే. ఆ అంతేకు భయపడ్డాను. మర్నాడు వచ్చి చేద్దాం అనుకున్నాను, ఇల్లు ఖాళీ చేసే హడావుడి. తర్వాత ఫోన్ చేసి చెబుదాం అనుకున్నాను, అప్పటికి చెవులు కొంత పనిచేసేవి. తర్వాత, ఇన్నాళ్ళు నడుస్తోంది కదా, ఏం కాదులే అనుకున్నాను. పద్నాలుగు నెలలు అనుకున్నాను.

నీ మొదటి ఉత్తరంలో మలుపులో పట్టేసింది అన్న మాట చదవగానే నాకు తెలిసిపోయింది. తెలిసే రవికాంత్ పేరు రాశాను. గాటు సంగతి గొప్పకు పోయి రాసుకున్నాను, అదే నన్ను పట్టించింది. మంచిదే అయింది.

నిన్న చెక్కకున్న మరలు విప్పి పానా తీశాను. పూత మందమని చెప్పింది అబద్ధం కాదు, దిగదు. కానీ పూతను అరగదీయడానికి రెండు గంటల పనే, ఆ మాట నీకు రాయలేదు. పాత ఆకురాయి తీసుకుని గుమ్మంలో కూర్చుని నాలుగు పళ్ళూ అరగదీశాను. నల్ల ఇనుము బయటపడింది. చేతికి చెమట పట్టింది, చాలా రోజుల తర్వాత.

మూడో తేదీ రేపల్లె రైలుకు వస్తున్నాను. కమిటీకి కూడా కాగితం రాశాను, ఇందులో పెట్టాను, చదివి మేడమ్‌కు ఇవ్వు. రవికాంత్ నిర్దోషి అన్న ముక్క అందులో మొదట రాశాను. స్టేషన్‌కు ఎవరూ రావద్దు. అల్లుడి ముఖం చూడలేను, మెట్టుగూడలో తెలిసినవాళ్ళ క్వార్టర్స్‌లో దిగుతాను.

సామేలు

*

రేపల్లె,
10 నవంబరు 2024

అమ్మా రెబెకా,

క్షేమంగా చేరాను. నిన్ను షెడ్డు లోపలికి రానివ్వలేదు కాబట్టి ఏం జరిగిందో రాస్తున్నాను.

ట్రాక్టర్ ముందు భాగం జాకీ మీద లేపారు. హరిచందన మేడమ్ తానే స్టీరింగ్ పట్టుకుని కుడికి తిప్పింది. కుడి చివరికి పోయి పట్టేసింది. చిన్న మనిషైనా గట్టిగానే లాగింది, రాలేదు. అప్పుడు పానా పెట్టాను. మొదటిసారి గాడి తప్పింది. రెండోసారి కూర్చుంది. ఒక గాడి దూరం వదిలాను, చుక్కకు చుక్క ఎదురొచ్చింది. మళ్ళీ తిప్పమన్నాను. ఈసారి రెండు వేళ్ళతో తిప్పింది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మేడమ్ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించింది: ఇది ఆ రోజే చేసి ఉంటే? నేను చేతులు జోడించాను.

పానా అక్కడే వదిలేశాను. మేకుకు తగిలించమని చెప్పాను. ఇక్కడ గోడకు ఉత్త చెక్క మిగిలింది. తీసేద్దామంటే మీ చిన్నమ్మ ఉంచమని సైగ చేసింది.

ఇప్పుడు నీతో పని. సాయంత్రం లక్ష్మీదేవి ఇంటికి మనిద్దరమే వెళ్ళాం. మంచం పక్కన నిలబడి జరిగిందంతా ఆమెకు చెప్పుకున్నాను. ఆమె నా ముఖంలోకే చూస్తూ కొంచెంసేపు మాట్లాడింది. నాకు పెదవులు కనిపించాయి, మాట అందలేదు. నువ్వు తల దించుకున్నావు. ఆటోలో అడిగితే, "త్వరలో నడుస్తాను, బాధపడొద్దు అన్నారు" అని కాగితం మీద రాసి చూపించావు.

ఆమె చెప్పింది అది కాదు. బాధపడొద్దు అనే మనిషి ముఖం అలా ఉండదు. చెవులు పోయినా కళ్ళు ఉన్నాయి. దాచడం ఎక్కడికి తీసుకుపోతుందో నన్ను చూశావు. నువ్వు ఆ పని నేర్చుకోవద్దు. ఆమె ఏమన్నదో, అన్నది అన్నట్టు రాసి పంపు. దాని మీద నాకు హక్కుంది.

సామేలు

*

లాలాపేట్,
24 నవంబరు 2024

చిన్నాన్నకు,

ముందు మంచి కబురు. శుక్రవారం ఆర్డర్ వచ్చింది. ఆయన మీద పెట్టిన ఆరోపణలు కొట్టేశారు. సోమవారం నుంచి డ్యూటీ. పోలీసు కేసుకు కూడా కమిటీ రిపోర్టు జతచేస్తామన్నారు. ఆర్డర్ చేతికిస్తే ఆయన రెండుసార్లు చదివి, మడిచి, బైబిల్లో పెట్టి, పెరుగు తెస్తానని బజారుకు వెళ్ళారు. గంట దాకా రాలేదు. వచ్చేటప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మీ మీద కోపం ఉందా అని అడిగాను. ఉంది అన్నారు. మామయ్య వచ్చి చెప్పకపోతే నేను ఉండేవాణ్ణి కాదు, అది కూడా ఉంది అన్నారు.

రవికాంత్‌ను తిరిగి తీసుకున్నారు. అతని ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. "నువ్వు అడిగినవ్, చాలక్కా," అన్నాడు. మీ పానాకు సన్నని గొలుసు కట్టి మేకుకు తగిలించాడు. ఇక మీద రిటైరైన వాళ్ళకు శాలువా ఒక్కటే ఇస్తారట, షెడ్డు సామాను ఇవ్వరట.

ఇక మీరు అడిగింది. పది రోజులు ఆలోచించాను. మీ వయసుకు ఈ మాట ఎందుకు అనుకున్నాను. పెద్దాయన వచ్చి తప్పు ఒప్పుకున్నాడు, చాలదా అనుకున్నాను. కానీ మీరు చెప్పింది నిజం, దాని మీద మీకు హక్కుంది. పైగా ఆవిడ ఆ మాటలు మీతో అన్నారు, నాతో కాదు. మధ్యలో ఆపడానికి నేనెవర్ని?

మీరు చెప్పింది లక్ష్మీదేవి గారు చివరిదాకా విన్నారు. తర్వాత కాలి మీది దుప్పటి సర్దుకుని, గొంతు పెంచకుండా ఇలా అన్నారు. ఒక్క అక్షరం మార్చలేదు.

"దండ వేసింది నేనే కద సారూ. గప్పుడు నీ ముందలనే నిలబడ్డ. నాకు చెప్పినా, పానా ఇప్పిస్తుంటి. గంటసేపు అడుగనీకి నీకు సిగ్గయింది. నేను రెండు నెలల సంది, బాత్రూముకు పోవాలన్నా ఒకరిని అడుగుతున్న."

అంతే అన్నారు. తర్వాత మనకు చాయ్ పెట్టమని కోడలికి చెప్పారు. మీరు తాగారు.

మీ కూతురు,
రెబెకా